బండి తాగిందెంత, మనిషి తాగిందెంత

ఇరవై తొమ్మిదేళ్ళు గూడూరులో ఏడెనిమిది సీట్ల పెద్ద డీజిల్ బండ్ల వర్క్‌షాపులో పనిచేశాను. మొదటి పదకొండేళ్ళు బండి కింద పడుకుని, మిగతా పద్దెనిమిదేళ్ళు కౌంటర్ దగ్గర నిలబడి. ఆ రెండో పనిని సర్వీస్ అడ్వైజర్ అంటారు. అంటే సలహా చెప్పేవాడన్నమాట. నాకు తెలిసి అన్నేళ్ళలో నన్ను సలహా అడిగినవాడు ఒక్కడూ లేడు. వచ్చినవాళ్ళంతా తీర్పు అడిగారు. తప్పు బండిదా, డ్రైవర్‌దా, కంపెనీదా చెప్పమనేవాళ్ళు. తమది మాత్రం కాదని ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చేవాళ్ళు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. స్కానర్ ఎలా తగిలించాలో, బిల్లు ఎలా కొట్టాలో మీకు ట్రైనింగులో చెబుతారు. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో మీకు అక్కర్లేదు, మా ఇంట్లోనే ఎవరికీ గుర్తు లేదు. నేను చెప్పదలచుకున్నది వేరే. పెద్ద బండి మైలేజీ గురించి మీరు జాబ్ కార్డు అనే రిపేరు కాగితం మీద రాసే ఒక్క ముక్క, ఎవరో ఒకరి కూడు తీసెయ్యగలదు. నేను ఒకసారి తీసేశాను. రెండోసారి తియ్యబోయి ఆగాను. ఆ రెండోది చెప్పాలనే కూర్చున్నాను, కానీ దానికి ముందు కొంచెం ఓపిక పట్టండి.

మూడు మైలేజీలు

మన జిల్లాలో ప్రతి పెద్ద బండికీ మూడు మైలేజీలుంటాయి. మొదటిది టీ అంగడి దగ్గర చెప్పేది. "పద్నాలుగు ఇస్తా ఉంది, హైవే ఎక్కితే పదహారు" అంటారు. ఇది బావమరిది వినేటట్టు చెప్పే మైలేజీ. రెండోది మన కౌంటర్ దగ్గర చెప్పేది. అదే మనిషి, అదే బండి, అదే వారం. "ఎనిమిది కూడా రావడంలా మస్తానన్నా, కంపెనీ నన్ను ముంచేసింది" అంటాడు. మూడోది బండి అమ్మేటప్పుడు చెప్పేది. అప్పుడు ఆ రెండు టన్నుల బండి స్కూటర్‌తో పోటీ పడుతుంది.

వీటిలో ఏదీ నిజం కాదు. నిజమైన లెక్క ఎలా తీయాలో నాకు మా వర్క్స్ మేనేజర్ నేర్పారు. మహా కోపిష్టి. ఆయన స్పానర్ విసిరితే తగలకుండా తప్పుకోవడం మా ఉద్యోగంలో మొదటి పాఠం. కానీ పని విషయంలో ఆయన మాట ఇవాళ్టికీ అబద్ధం కాలేదు. బంకులో నాజిల్ టక్కుమని ఆగేదాకా డీజిల్ పట్టించు. హైవే మీద తడ దాకా పో, తిరిగి రా. అదే బంకు, అదే నాజిల్, బండి అదే దిక్కుకి నిలబెట్టి మళ్ళీ టక్కుమనేదాకా పట్టించు. తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించు. పక్క సీట్లో ఓనర్ కూర్చోవాలి, యాక్సిలరేటర్ మీద కాలు మాత్రం నీదే ఉండాలి. ఓనర్ కాలికి పది వచ్చే బండి మన కాలికి పన్నెండు ఇస్తుంది. ఒకాయన ఆ లెక్క చూసి, సర్వీసు బిల్లులో ఆ కాలు కూడా కలిపి ఇవ్వమని అడిగాడు.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. బండి కొనడానికి మొగుడూ పెళ్ళాలు వస్తే మొగుడు మైలేజీ అడుగుతాడు, పెళ్ళాం టైరు ధర అడుగుతుంది. నా అనుభవంలో లెక్క తెలిసింది ఎప్పుడూ రెండోవాళ్ళకే. టైర్లు, ఇన్సూరెన్సు, క్లచ్చి, బ్యాటరీ, వీటికి తోడు మన సముద్రపు గాలికి కింద పట్టే తుప్పు, ఇవన్నీ కలిపితే డీజిల్ ఒక పక్కన చిన్నబోయి నిలబడుతుంది. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అంటారు గదా, పెద్ద బండి విషయంలో ఆ సామెత నమ్మొద్దు. బతికినన్నాళ్ళూ అదే మన వెయ్యి తింటుంది, చచ్చాక పాత ఇనుము వాడు వచ్చి ఎంతిస్తాడో వాడి దయ.

బస్తాలో యూరియా

ఇప్పుడొచ్చే బండ్లలో పొగ శుభ్రం కావడానికి వేరే ట్యాంకులో ఒక ద్రవం పోస్తారు. సీలు వేసిన డబ్బాల్లో దొరుకుతుంది. వర్క్‌షాపులో మేమంతా దాన్ని యూరియా అనేవాళ్ళం, అది తయారయ్యేది కూడా దాంతోనే. నాయుడుపేట వైపు ఒక వరి రైతు ఫోన్ చేసి, బండిలో లైటు వెలుగుతోందన్నాడు. నేను అన్నం తింటూ, యూరియా అయిపోయుంటుంది పోసుకోమని చెప్పి పెట్టేశాను.

ఆయన చాలా శ్రద్ధగల మనిషి. కొట్టంలో బస్తా విప్పి, బిందెలో నీళ్ళు పోసి కలిపి, నలకలు లేకుండా పంచె గుడ్డతో రెండుసార్లు వడకట్టి మరీ పోశాడు. మూడోరోజు బండి లారీ మీద వచ్చింది. ట్యాంకు, పంపు, గొట్టాలు అన్నీ మార్చాల్సి వచ్చింది. కల్తీది పోశావా అని నేను అడిగితే ఆయన నొచ్చుకున్నాడు. సొసైటీలో క్యూలో నిలబడి తెచ్చిన సరుకది, ఈ ఏడు మడికి కూడా సగమే చల్లి మిగిలింది బండికి దాచాడట.

మేనేజర్ ఆ రోజు స్పానర్ విసరలేదు. ఆయన నవ్వి నవ్వి కుర్చీలో కూర్చుండిపోయారు. తర్వాత నన్ను పిలిచి, తప్పు రైతుది కాదు నీదే అన్నారు. అన్నం తింటూ ఫోన్లో వైద్యం చెప్పినవాడిది తప్పు. ఆ మాట నిజం కాబట్టి ఊరుకున్నాను.

నేను కూడు తీసేసిన మనిషి

ఇది నవ్వే సంగతి కాదు, అందుకని తొందరగా చెప్పేస్తాను.

తడ దగ్గర ఫ్యాక్టరీలకు కూలీలను పంపే ఒక కాంట్రాక్టర్ ఉండేవాడు. ఆయన బండికి ఉన్నట్టుండి మైలేజీ పడిపోయింది. డ్రైవర్ చెంగయ్య మీద అనుమానం. నేను ఇంజన్ చూశాను, గొట్టాలు చూశాను, ట్యాంకు చూశాను. జాబ్ కార్డు మీద "బండిలో ఏ లోపమూ లేదు" అని రాశాను. నేను రాసింది బండి గురించే. కాంట్రాక్టర్ చదివింది చెంగయ్య గురించి. ఆ సాయంత్రమే వాణ్ణి పని మాన్పించాడు.

నాలుగు నెలల తర్వాత అదే బండి పంక్చర్ పడి వచ్చింది. టైరు విప్పుతుంటే అప్పుడు చూశాను, కంపెనీ ఇచ్చిన సైజు కాదు. బండి ఎత్తుగా, దర్జాగా కనపడాలని కాంట్రాక్టర్ పెద్ద సైజు టైర్లు వేయించాడు. పెద్ద టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. బండి నూట పది పోతే మీటరు నూరే చూపిస్తుంది. పైగా బరువు టైరు, డీజిల్ నిజంగానే కొంచెం ఎక్కువ తాగుతుంది. లోపం నా కళ్ళ ముందే ఉంది, పరీక్ష చేసిన రోజు ఆ టైరుని కాలితో తన్ని గాలి బాగుందని కూడా అన్నాను.

చెంగయ్యను వెతుక్కుంటూ వెళ్ళాను. గూడూరు రైల్వే స్టేషన్ ముందు అద్దె ఆటో తోలుతున్నాడు. సంగతి చెప్పి, పోయి కాంట్రాక్టర్‌తో మాట్లాడతానన్నాను. వాడు టీ ఇప్పించాడు. "ఇప్పుడేం మాట్లాడతావులే అన్నా. దొంగ అనే పేరు పడినాక ఎవురూ తాళం చేతికియ్యడంలా" అన్నాడు. టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఏ జాబ్ కార్డు మీదా ఆ వాక్యం రాయలేదు.

వాకాడు బండి

ఇక అసలు సంగతి. నేను రిటైరయ్యే ముందు వేసవి.

వాకాడుకి అవతల, సముద్రం వైపు ఊళ్ళో శ్రీహరి అని నలభై అయిదేళ్ళ రైతు. కొంత వరి, నాలుగు రొయ్యల గుంటలు. మూడేళ్ళ కిందట ఏడు సీట్ల పెద్ద బండి కొన్నాడు. గుంటల దగ్గరికి పోవడానికని కొన్నాడు. తీరా చూస్తే గుంట గట్టు మీద ఆ బండి పట్టదు, పట్టినా ఉప్పు బురద కింద అంటుకుంటుంది. ఉప్పు నీళ్ళు ఛాసిస్‌ని తినేస్తాయని నేనే చెప్పాను. అప్పట్నించీ బండి ఇంటి వెనక షెడ్డులో నీడపట్టున ఉంటుంది, ఓనర్ మోటార్ సైకిల్ మీద ఎండలో గుంటలకు పోతాడు. పెద్ద బండ్లు కొన్నవాళ్ళలో సగం మంది కథ ఇదే, మీరూ చూస్తారు.

డ్రైవర్ పేరు పెంచలయ్య. ఆరేళ్ళుగా ఆ ఇంట్లోనే పని, బండి రాకముందు వాళ్ళ ట్రాక్టర్ తోలేవాడు. కాపురం కూడా వాళ్ళ దొడ్లో ఉన్న గదిలోనే. కూతురు గూడూరులో ఇంటర్ చదువుతోంది. పని పోతే గది కూడా పోతుంది.

బండి రావడం పొగ ఫిల్టర్ లైటు వెలిగి వచ్చింది. పొగలో మసిని పట్టే జల్లెడ అది. హైవే మీద వేగంగా పోతే ఆ వేడికి మసి కాలిపోతుంది, ఊళ్ళోనే తిరిగితే పేరుకుపోతుంది. వారానికోసారి తడ దాకా పోయి రమ్మని శ్రీహరికి చెప్పాను. ఆయన మండిపడ్డాడు. లీటరుకి ఏడు కూడా రావడంలేదు, తడకు పోయే డీజిల్ నువ్వు పోస్తావా అన్నాడు. మూడు నెలల కిందటి దాకా పదకొండు వచ్చేదట.

సరే, మా మేనేజర్ పద్ధతిలోనే పరీక్ష చేశాం. శ్రీహరి పక్కన కూర్చున్నాడు. తడకి పోయి వచ్చి భాగిస్తే పదకొండున్నర. నేను సంతోషపడ్డాను, ఆయన ముఖం మాత్రం నల్లబడింది. బంకు పక్కన టీ తాగడానికి ఆగాం. గ్లాసు కింద పెట్టి, బండి తాగనప్పుడు తాగేది మనిషే గదా అన్నాడు. పెంచలయ్య డీజిల్ తీసి గుంటల జనరేటర్లకు అమ్ముకుంటున్నాడని ఆయన అనుమానం. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఆ పక్క లేకపోలేదు. శనివారం పదకొండింటికి పెంచలయ్యని బండి తీసుకుని వర్క్‌షాపుకి రమ్మంటానని, తాను ముందే వచ్చి ఉంటానని, నా చేత కాగితం రాయించుకుని అందరి ముందే తాళం తీసుకుంటానని చెప్పాడు.

"ఒక్క ముక్క రాసియ్యి చాలు మస్తానన్నా, బండిలో లోపం లేదని. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

నాకు చెంగయ్య గుర్తొచ్చాడు. రెండు రోజులు బండిని వదిలి పొమ్మన్నాను.

గంటకు పదకొండు కిలోమీటర్లు

మొదట టైర్లు చూశాను. కంపెనీ సైజే. ట్యాంకు మూత తాళం చెక్కు చెదరలేదు, లోపల జల్లెడ ఉంది, డీజిల్ లాగే గొట్టం దిగదు. ఎక్కడా ఒక్క చుక్క కారడంలేదు. అప్పుడు బండి కంప్యూటర్‌కి స్కానర్ తగిలించి, మామూలుగా ఎవరూ చూడని ఒక అంకె చూశాను. ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో అందులో ఉంటుంది. పోయిన సర్వీసు నించి తిరిగిన కిలోమీటర్లని ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం గంటకు పదకొండు కిలోమీటర్లు తేలింది. మా వీధి పోస్ట్‌మాన్ సైకిల్ మీద అంతకంటే జోరుగా వస్తాడు.

దానర్థం ఒక్కటే. బండి రోజూ రెండు గంటలకు పైనే కదలకుండా నిలబడి ఇంజన్ తిరుగుతోంది. ఏసీ వేసి నిలబెడితే ఆ సైజు బండి గంటకు లీటరు పైనే తాగుతుంది. ఫిల్టర్‌కి మసి పట్టడానికీ కారణం అదే. డీజిల్ ఎక్కడికీ పోలేదు, ఇంజన్లోనే కాలింది. మరి ఎవరి కోసం కాలింది?

పెంచలయ్య బండి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు పక్కకు పిలిచి అడిగాను. శనివారం నీ పని పోతుందని కూడా చెప్పాను. వాడికి తెలుసట. ఏసీ వేసుకుని నిద్రపోతున్నావా అంటే తల అడ్డంగా ఊపాడు. మరెవరని అడిగాను.

"నేను డీజిల్ తియ్యలా అన్నా. ఇంక ఏం అడగబాక. మాటిచ్చినా" అన్నాడు.

దొంగతనం అంటగడుతున్నా నోరు విప్పని మనిషిని చూస్తే నాకు గౌరవం కలగాలి. నిజం చెప్పాలంటే వీపు మీద ఒకటి వేద్దామనిపించింది.

గురువారం మధ్యాహ్నం టైరు గాలి చూసే గేజీ జేబులో పెట్టుకుని, చూడవలసిన గాలి ఏదో ఉన్నట్టు వాకాడు మీదుగా ఆ ఊరు పోయాను. రెండు కావస్తోంది. శ్రీహరి గుంటల దగ్గరికి పోతే నాలుగింటి దాకా రాడు. ఆయన భార్యకి గ్రామ సచివాలయంలో ఉద్యోగం. ఆ వేళకి గుంటల్లో నీళ్ళను చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారే తిరుగుతుంటే ఊళ్ళో వోల్టేజీ పడిపోతుంది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, ఇంట్లో ఏసీ ఉన్నా పలకదు.

ఇంటి వెనక షెడ్డులో ఇంజన్ చప్పుడు వినపడింది. ముందు షెడ్డు గోడలు చూశాను, గోడలు లేవు, మీద రేకులే. ఒక భయం తీరింది. మూసిన షెడ్డులో ఇంజన్ వేసుకుని పడుకుంటే ఆ పొగకి మనిషి మళ్ళీ లేవడు, ఇది మీ కస్టమర్లకు తప్పకుండా చెప్పండి. పెంచలయ్య సందు మొదట్లో గొంతుక్కూర్చుని, మోటార్ సైకిల్ చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు గానీ ఆపలేకపోయాడు.

అద్దంలోంచి చూశాను. మధ్య సీటు వెనక్కి వాల్చుకుని, కాళ్ళు ముడుచుకుని శ్రీహరి వాళ్ళమ్మ కామాక్షమ్మ. డెబ్బై దాటిన మనిషి. వెనక సీట్లో ఆ వీధి ఆడవాళ్ళిద్దరు. ఒకామె నోరు తెరిచి నిద్రపోతోంది, ఇంకొకామె ఆకు వక్క నములుతూ ఫోన్లో సీరియల్ చూస్తోంది. అద్దం మీద తట్టాను. కామాక్షమ్మ అద్దాన్ని రెండు వేళ్ళంత దించింది.

ఎవరని అడిగింది. గూడూరు సర్వీసు సెంటర్ నించి వచ్చానన్నాను. "అయితే ఎక్కి తలుపెయ్యి అబ్బయా. సల్లదనమంతా బయటికి పోతా ఉంది" అంది. ఎక్కాను. ఆ బండ్లు వందలు విప్పి బిగించాను గానీ, ఒకదాన్లో చుట్టంగా కూర్చుని మజ్జిగ తాగడం అదే మొదలు.

అడక్కుండానే అంతా చెప్పింది. బండి వచ్చిన రోజు వీధి వీధంతా చూస్తుండగా, ఈ బండి మెట్టు ఎక్కితే నేను కామాక్షమ్మనే కాదు అని ఒట్టు పెట్టుకుందట. మూడేళ్ళూ మాట నిలబెట్టుకుంది, పెళ్ళిళ్ళకు కూడా బస్సులోనే పోయింది. ఈ వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి దొడ్లో పడిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. పెంచలయ్య ఎత్తుకొచ్చి బండిలో పడుకోబెట్టి ఏసీ వేశాడు. కళ్ళు తెరిచాక ముందు వాడి చేత ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకుని, తర్వాత మంచినీళ్ళు తాగింది. మర్నాడు ఆ వేళకి మళ్ళీ వచ్చింది. నాలుగో రోజు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. ఒట్టు ఏమైందని నేను అడిగితే, బండి నడిస్తే గదా ఎక్కినట్టు, నిలబడిన బండి ఇల్లుతో సమానం అంది. పద్దెనిమిదేళ్ళు వారంటీ షరతులు చదివినవాణ్ణి నేను, అంత మంచి సందు నాకెప్పుడూ దొరకలేదు.

డీజిల్ సంగతి అడిగాను. గంటకు గ్లాసుడు తాగుతుందని పెంచలయ్య చెప్పాడట.

అప్పుడు చెప్పేశాను. గ్లాసు కాదు లీటరు పైనే అనీ, పెంచలయ్య డీజిల్ అమ్ముకుంటున్నాడని మీ అబ్బాయి అనుకుంటున్నాడనీ, ఎల్లుండి పని తీసేసి గది ఖాళీ చేయిస్తాడనీ చెప్పాను. ఆమెకి ఇవేవీ తెలియవు. ముఖంలో అల్లరి మొత్తం పోయింది. పెంచలయ్యని పిలిచింది. వాడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంజన్ ఆపమంది. వెనక నిద్రపోతున్నామె ఉక్కకి లేచి కూర్చుంది. నన్ను పోయి రమ్మంది కామాక్షమ్మ. ఏం చేస్తానన్నది చెప్పలేదు.

శనివారం

ఒక తప్పు ఒప్పుకోవాలి. శుక్రవారం సాయంత్రం నేనొక అబద్ధం రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. ముసలామె మాట పోకూడదు, పెంచలయ్య పని పోకూడదు. అందుకని బండికే ఒక రోగం అంటగడదామనుకున్నాను. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాయని రాయబోయాను గానీ, పాపం శ్రీహరి నాలుగు ఇంజెక్టర్ల ధర కట్టాల్సి వస్తుంది. ఉన్న అబద్ధాల్లో చవకది ఏదా అని వెతికి, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందని జాబ్ కార్డు రాశాను. మీకు ఇది నేర్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.

శనివారం పదిన్నరకే శ్రీహరి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని కాగితం అడిగాడు. బండి కూడా రానీ అని నాన్చుతూ వచ్చాను. నిమ్మకాయల వ్యాపారులు ఇద్దరు వాళ్ళ బండ్ల కోసం ఎదురుచూస్తూ ఉన్నారు, ఆయన వాళ్ళకి కూడా దొంగ డ్రైవర్ కథ మొదలుపెట్టాడు.

పదకొండింటికి బండి లోపలికి వచ్చింది. పెంచలయ్య దిగి, చుట్టూ తిరిగి ఎడమ వైపు తలుపు తీశాడు. ముందు సీట్లో కామాక్షమ్మ కూర్చుని ఉంది, ఉతికిన నేత చీర కట్టుకుని. ఒక చెయ్యి తలుపు మీద వేసి, మెట్టు మీద కాలు పెట్టి, అందరూ చూసేదాకా ఆ మెట్టు మీదే నిలబడి, అప్పుడు దిగింది.

శ్రీహరి లేచి నిలబడ్డాడు. ఎక్కనన్నావు గదమ్మా అన్నాడు.

"పెంచలయ్య దొంగ కాదు. నీ డీజిల్ తాగింది నేను" అంది. "నువ్వు గుంటల కాడికి పోంగానే రోజూ వచ్చి దీంట్లో ఏసీ ఏయించుకుని పడుకున్నా. ఎవురికీ చెప్పనని వాడి చేత ప్రమాణం చేయించుకున్నా. వాడు నిలబడినాడు. నేనే ఇట్టా వచ్చినా."

శ్రీహరి గొంతు తగ్గించి, నాతో ఒక్క మాట అంటే ఇన్వర్టరో ఇంకోటో పెట్టించేవాణ్ణి గదా అన్నాడు. వ్యాపారులు వింటున్నారని ఆయన బాధ. ఆమెకి ఆ బాధ లేదు.

"మా నాయన పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరా నిమ్మతోట అది. యాభై ఏళ్ళు ఎండాకాలమంతా ఆ చెట్ల సందునే కూర్చున్నా. సంతకం పెట్టమంటే పెట్టినా, అమ్మి బండి తెచ్చినావు. పూజ రోజు దీని టైర్ల కింద నాలుగు కాయలు పెట్టి తొక్కించినావే, అయ్యి కూడా నా తోటలోయే. ఇంక నాకు నీడ యాడుండాది శ్రీహరీ? నా తోటని నువ్వు ఏం చేసినావో దాంట్లోనే పోయి కూర్చున్నా. దానికి వాడి కూడు తీస్తావా?"

నిమ్మకాయల వ్యాపారి ఒకాయన లేచి తన కుర్చీ ఆమెకి వేశాడు. నేను కౌంటర్ కింద నా ఎయిర్ ఫిల్టర్ అబద్ధాన్ని నాలుగు ముక్కలు చేశాను.

శ్రీహరి బండి వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూడలేకపోయాడు. తర్వాత కౌంటర్ దగ్గరికి వచ్చి నన్ను మెల్లిగా అడిగాడు, నిలబెట్టి ఏసీ వేస్తే గంటకు ఎంత తాగుతుందని. లీటరు పైన, లీటరున్నర లోపల అన్నాను. మనసులో ఏదో లెక్క వేసుకున్నట్టున్నాడు. లెక్క పూర్తి చెయ్యకుండానే వదిలేసినట్టు కూడా అనిపించింది.

పెంచలయ్య తనంతట తానే తాళం తెచ్చి శ్రీహరి ముందుకు చాపాడు. శ్రీహరి తాళం తీసుకోలేదు.

"పొయ్యేటప్పుడు బంకు కాడ ఆపి ట్యాంకు ఫుల్ చేయించు. అమ్మ ఉండాది, నిదానంగా పో" అన్నాడు.

కామాక్షమ్మ మళ్ళీ ముందు సీట్లోనే ఎక్కింది. పెంచలయ్య అద్దాలన్నీ ఎత్తి ఏసీ వేశాడు. బండి గేటు దాటి వాకాడు రోడ్డు వైపు తిరిగింది, శ్రీహరి తువ్వాలు తలకి చుట్టుకుని మోటార్ సైకిల్ మీద ఆ ఎండలో దాని వెనకే పోయాడు.